మాట తోకను వినండి: పిల్లల మాటల్లో వ్యాకరణం ఎలా గమనించాలి, ఎలా పెంచాలి

మా వాడు మూడేళ్ళప్పుడు "అమ్మ బండి నాన్న" అనేవాడు. నాన్న అమ్మను బండిలో తీసుకొచ్చాడని చెప్తున్నాడా, అమ్మా నాన్నా బండిలో పోయారని చెప్తున్నాడా, మాకు తెలిసేది కాదు. మాటలు మూడూ స్పష్టంగానే ఉండేవి. వాటిని కలిపే చిన్న ముక్కలే ఉండేవి కావు. వాళ్ళ అక్క అదే వయసుకు "నాన్నతో బండిలో పోతా" అనేది. లెక్కపెడితే ఇద్దరివీ మూడేసి మాటలే. తేడా అంతా చివర్లలో, మాట తోకల్లో ఉంది: తో, లో, తా.

మేము అనంతపురంలో ఉంటాం. ఆ తేడాను మేము వినలేదు. "మగపిల్లలకు ఆలస్యంగానే వస్తాయి, మా తమ్ముడికి అయిదేళ్ళకు వచ్చినాయి" అని ఇంట్లో పెద్దవాళ్ళు అన్నారు. చూపించిన మొదటి డాక్టరు కూడా అదే మాట చెప్పి పంపించేశారు. అలా దాదాపు ఏడాది పోయింది. చివరికి చెవి పరీక్ష చేయిస్తే రెండు చెవుల్లోనూ వినికిడి తక్కువని తేలింది. బండి శబ్దం వినేవాడు, పిలిస్తే తిరిగేవాడు. మాటల చివర మెల్లగా పలికే ముక్కలు మాత్రం వాడికి చేరలేదు. చేరనివి వాడి నోట్లోకి ఎలా వస్తాయి?

ఆడపిల్లలకూ మగపిల్లలకూ మాటల్లో ఉండే సగటు తేడా చిన్నది, ఒకటి రెండు నెలల మాట. ఏళ్ళ తరబడి ఎదురుచూడటానికి అది కారణం కాదు. ఈ వ్యాసం మీ ఇంట్లో ఆ ఏడాది పోకుండా ఉండటానికి. అమ్మానాన్నలే కాదు, బిడ్డను పగలంతా చూసుకునే జేజీ, అంగన్‌వాడీ టీచరూ ఎవరైనా ఇవి చేయొచ్చు.

ముందు ఒక నోటుబుక్కు పెట్టుకోండి

రూళ్ళ నోటుబుక్కు ఒకటి చాలు. బిడ్డ ఆడుకుంటున్నప్పుడో, స్నానం చేయిస్తున్నప్పుడో, రోజుకు ఓ పదిహేను నిమిషాలు నోట్లోంచి ఏది వస్తే అది రాయండి. పైన తేదీ, వయసు వేయండి. పక్కన సందర్భం ఒక ముక్కలో రాయండి: "బొమ్మ కింద పడింది", "అవ్వ వచ్చింది".

ఇందులో కష్టమైన పని సరిదిద్దకుండా రాయడం. బిడ్డ "అవ్వ ఇల్లు పోదాం" అంటే మన చెయ్యి దానంతట అదే "అవ్వ ఇంటికి పోదాం" అని రాసేస్తుంది. మన చెవి అంతే, లేనిదాన్ని నింపుకుని వింటుంది. నేనూ మొదటి రెండు పేజీలు అలాగే రాసుకున్నాను. ఫోన్లో రికార్డు చేసుకుని రాత్రి పిల్లలు పడుకున్నాక విని రాస్తే ఈ పొరపాటు తగ్గుతుంది.

బిడ్డ తనంతట తాను అన్నవే రాయండి. "కాకి అను నాన్నా" అంటే అన్నది లెక్కలోకి రాదు. రైములు, పాటలు, టీవీలో విని అప్పజెప్పేవి కూడా పక్కన పెట్టండి.

యాభై వాక్యాలు పోగయ్యాక తీరిగ్గా కూర్చుని ఒక్కో మాటను ముక్కలుగా విడగొట్టండి. "నాన్నతో బండిలో పోతా" అంటే నాన్న, తో, బండి, లో, పో, తా. ఆరు ముక్కలు. "అమ్మ బండి నాన్న" అంటే మూడే. అన్ని వాక్యాల ముక్కలూ కలిపి యాభైతో భాగిస్తే వాక్యానికి సగటున ఎన్ని ముక్కలో వస్తుంది. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త రోజర్ బ్రౌన్ ముగ్గురు పిల్లల మాటలను ఇలాగే నెలల తరబడి రాయించి, 1973లో పుస్తకంగా తెచ్చాడు. పిల్లల భాష ఎంత ఎదిగిందో వయసు కంటే ఈ సగటే బాగా చెప్తుందని చూపించాడు.

ఇంటర్నెట్‌లో దొరికే ఇంగ్లీషు పట్టికలతో మాత్రం మీ బిడ్డను పోల్చకండి. తెలుగులో "వెళ్ళలేకపోయాను" ఒక్క మాట. అదే సంగతి ఇంగ్లీషులో చెప్పాలంటే నాలుగు మాటలు కావాలి. మన వ్యాకరణం మాట లోపల, ముఖ్యంగా మాట తోకలో ఉంటుంది. అందుకే "ఎన్ని మాటలు మాట్లాడుతుంది?" అనే ప్రశ్న సగం సంగతే చెప్తుంది. మీ బిడ్డ మూడు నెలల కిందట ఎలా మాట్లాడింది, ఇప్పుడు ఎలా మాట్లాడుతోంది అని పోల్చుకోండి. అదే మీకు పనికొచ్చే లెక్క.

ఏ వయసుకు ఏ తోకలు

ఆరు నుంచి పది నెలల మధ్య "బబబ, దదద" అని ముద్దుపలుకులు మొదలవుతాయి. ఏడాది అటూ ఇటూగా మొదటి మాట వస్తుంది. ఏడాదిన్నర నుంచి రెండేళ్ళ లోపు రెండు మాటలు కలుస్తాయి: "పాలు కావాలి", "తాత పోయా". "వద్దు", "లేదు" తొందరగానే వస్తాయి. వాటితో ఇంట్లో పనులు ఆగుతాయని బిడ్డకు తెలిసిపోతుంది కాబట్టి.

రెండు నుంచి మూడేళ్ళ మధ్యే అసలు పంట. కు, లో, తో, మీద వస్తాయి. బొమ్మ బొమ్మలవుతుంది. అయిపోయిన పని, అవుతున్న పని, కాబోయే పని వేరువేరుగా వినిపిస్తాయి: "తాగినా", "తాగుతాండా", "తాగుతా". వచ్చినవాళ్ళను బట్టి క్రియ తోక మారడం కూడా అప్పుడే మొదలవుతుంది. ఇక్కడ తెలుగు పిల్లలకు ఒక ప్రత్యేకమైన చిక్కుంది. అమ్మ వచ్చింది, కుక్క వచ్చింది, బస్సు వచ్చింది. వీటన్నిటికీ ఒకటే తోక. నాన్న ఒక్కడికే "వచ్చినాడు". కాబట్టి రెండున్నరేళ్ళ బిడ్డ "నాన్న వచ్చింది" అంటే కంగారు పడాల్సింది లేదు, తాను ఎక్కువగా విన్న తోకను తగిలించింది. నాలుగేళ్ళు దాటాక కూడా ఎక్కువసార్లు అలాగే అంటుంటే నోటుబుక్కులో గుర్తు పెట్టుకోండి.

మూడు, నాలుగేళ్ళకు వాక్యాలు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. "అన్నం తిని పోదాం", "నువ్వు వస్తే ఇస్తా", "అవ్వ రమ్మనిందని చెప్పు". ఆ తర్వాత "నేను తిన్న మామిడిపండు" లాంటివి, "మేము", "మనం" మధ్య తేడా, జరిగింది వరసగా చెప్పడం వస్తాయి. పిల్లలందరూ ఒకే నెలకు ఒకే మెట్టు ఎక్కరు. కొన్ని గీతలు మాత్రం ఖాయంగా గుర్తుంచుకోండి. ఏడాదికి ముద్దుపలుకులు గానీ, చేత్తో చూపించడం, టాటా చెప్పడం లాంటివి గానీ లేకపోతే, రెండేళ్ళకు రెండు మాటలు కలపకపోతే, చూపించండి. వచ్చిన మాటలు ఏ వయసులోనైనా పోతుంటే ఒక్క వారం కూడా ఆగొద్దు.

సంతోషించాల్సిన తప్పులు

మా పాప ఒకటిన్నరేళ్ళకే "ఇంట్లో" అనేది. రెండేళ్ళు దాటాక ఉన్నట్టుండి "ఇల్లులో" అనడం మొదలుపెట్టింది. వచ్చింది పోతోందని నేను దిగులుపడ్డాను. అది ముందడుగని తర్వాత తెలిసింది. మొదట్లో "ఇంట్లో" అన్నది విన్నది విన్నట్టు మూటగా పట్టుకుని అన్నది. "లో" అనేది వేరే ముక్క అనీ, దేనికైనా తగిలించొచ్చనీ కనిపెట్టాక బడిలో, గిన్నెలో, ఇల్లులో, నోరులో, కన్నులో అన్నీ ఒకే అచ్చులో వచ్చాయి. కొన్ని నెలలకు "ఇంట్లో", "నోట్లో", "కంట్లో" మళ్ళీ వాటి చోటికి అవే వచ్చాయి. ఎవరూ దిద్దలేదు.

మీ నోటుబుక్కులో ఇలాంటివి వెతకండి: పిల్లిలు, బల్లిలు, రాయిలు, చెయ్యిలు, నేనుకు, వచ్చలేదు. ఎవ్వరూ వాళ్ళ ముందు "పిల్లిలు" అని అనలేదు. కాబట్టి ఇవి విని అన్నవి కావు. బిడ్డ సొంతంగా సూత్రం కట్టి తయారు చేసుకున్నవి. తోకలు తగిలించి తప్పు చేసే బిడ్డ వ్యాకరణం నేర్చుకుంటోంది. తోకలే లేకుండా మాట్లాడే బిడ్డ వేరు. ఆ రెండూ ఒకటి కావని అర్థం కావడానికి నాకు ఇద్దరు పిల్లలు పట్టారు.

నాలుగేళ్ళ వయసు ఉంటే ఒక ఆట ఆడి చూడండి. 1958లో జీన్ బెర్కో అనే పరిశోధకురాలు అమెరికాలో పిల్లలతో ఆడించిన ఆటకు మన తెలుగు రూపం ఇది. లేని జంతువు బొమ్మ ఒకటి గీసి "ఇది గిబ్బ" అనండి. పక్కన ఇంకొకటి గీసి "ఇప్పుడు రెండు ఉన్నాయి. రెండు...?" అని ఆగండి. "గిబ్బలు" అంటే "లు" సూత్రం బిడ్డ చేతిలో ఉన్నట్టే. "దీనికి ఆకలిగా ఉంది. అన్నం ఎవరికి పెడదాం?" అంటే "గిబ్బకు" రావాలి. రాకపోతే పరీక్ష తప్పినట్టు కాదు, నవ్వుతూ మీరే చెప్పి ఆట సాగించండి.

బదులు ఎలా ఇవ్వాలి

ఇంట్లో మనం చేయగలిగిన పనుల్లో పెద్దది ఇదే. బిడ్డ "కుక్క పాలు తాగినాడు" అంది. చాలామందిమి "తాగినాడు కాదు, తాగింది అనాలి. అను, తాగింది" అంటాం. అప్పుడు బిడ్డ కుక్క సంగతి వదిలేసి మన ముఖం చూస్తుంది. రెండుసార్లు ఇలా జరిగితే మూడోసారి చెప్పడమే మానేస్తుంది.

దాని బదులు ఆమె చెప్పిన సంగతికి జవాబివ్వండి, సరైన తోకతో: "అవును, కుక్క పాలు తాగింది! మొత్తం తాగిందా? గిన్నెలో పాలు అయిపోయినాయా?" సరైన రూపం ఆమె చెవిలో రెండుసార్లు పడింది. మాట సాగింది. మళ్ళీ అనమని అడగాల్సిన పని లేదు. స్పీచ్ థెరపిస్టులు ఏళ్ళ తరబడి చేయించేది ఎక్కువ భాగం ఇదే. ఇంట్లో మనకు రోజుకు వందసార్లు అవకాశం దొరుకుతుంది.

బిడ్డ అన్నదానికి ఒక్క ముక్క చేర్చి ఇవ్వడం రెండో పద్ధతి.

"బస్సు."
"ఆ, బస్సు వచ్చింది."

"బస్సు వచ్చింది."
"ధర్మవరం బస్సు వచ్చింది. అవ్వ బస్సులో వస్తాంది."

ఒక్క మెట్టే చేర్చండి. ఒక్క మాట అనే బిడ్డకు పది మాటల వాక్యం ఇస్తే అందుకోలేదు. అలాగని మరీ కుదించకండి. ఆలస్యంగా మాట్లాడే పిల్లలకు అర్థం కావాలని మనం "పాలు... తాగు... కుర్చీ... కూర్చో" అని ముక్కలు ముక్కలుగా మాట్లాడతాం. తోకలు రాని బిడ్డ ముందు మనమే తోకలు తీసేస్తే ఎక్కడ వింటుంది? వాక్యం చిన్నదిగా ఉండాలి, పూర్తిగా ఉండాలి. "కుర్చీలో కూర్చో." "పాలు తాగుదాం." మూడు నాలుగు మాటలైనా తోకలన్నీ ఉండాలి.

మూడోది, ఇష్టం అడగడం. "అన్నం కావాలా?" అంటే తల ఊపితే సరిపోతుంది. "సంగటి చారుతో తింటావా, పప్పుతో తింటావా?" అంటే "పప్పుతో" అని తోకతో సహా చెప్పాల్సి వస్తుంది. "బొమ్మ మంచం మీద ఉందా, మంచం కింద ఉందా?" "గుడ్డు నాన్నకా, నీకా?" తోకే తేడా అయ్యే ప్రశ్నలు ఇవి. నా లెక్కలో వీటికి మించిన మందు లేదు.

అడిగాక ఆగండి. మనసులో అయిదు లెక్కపెట్టండి. ఈ అయిదు అంకెలు చాలా పొడుగ్గా అనిపిస్తాయి. మాటలు పేర్చుకోవడానికి బిడ్డకు ఆ సమయం కావాలి. జేజికి కూడా ఈ సంగతి చెప్పండి, ప్రేమ కొద్దీ బిడ్డ బదులు తానే జవాబు చెప్పేస్తుంది.

వంటింట్లో పనిచేస్తూ చేసేది చేసినట్టు చెప్తూ ఉండండి. "బొరుగులు నీళ్ళలో వేస్తాండా. నానినాయి. ఇప్పుడు పిండుతా. పోపు పెట్టినాక కలుపుదాం." ఉగ్గాని చేసే పది నిమిషాల్లో జరిగిన పని, జరుగుతున్న పని, జరగబోయే పని మూడూ వస్తాయి. పుస్తకం పెట్టి చెప్పే పాఠం కంటే ఇది ఎక్కువ పట్టుకుంటుంది.

ఫోన్ విషయం ఒక్క మాట. రెండేళ్ళ లోపు పిల్లలకు కూర్చుని చూసే స్క్రీన్ వద్దని, రెండు నుంచి నాలుగేళ్ళ వాళ్ళకు రోజుకు గంట మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ఫోన్ మాట్లాడుతుంది గానీ, బిడ్డ ఏమందో విని జవాబివ్వదు.

చెవులు ముందు

నోటుబుక్కులో తోకలు కనిపించకపోతే మొదట చేయించాల్సింది వినికిడి పరీక్ష. "తలుపు చప్పుడుకు తిరుగుతాడు, టీవీ చూస్తాడు" అని వదిలేయకండి. మధ్యస్థంగా వినికిడి తగ్గిన బిడ్డ పెద్ద శబ్దాలన్నీ వింటుంది. గట్టిగా పలికే అచ్చులు వింటుంది. స, శ, త, క లాంటి సన్నని శబ్దాలు, మాట చివర తగ్గిపోయే ముక్కలు జారిపోతాయి.

పుట్టిన బిడ్డకు ఓఏఈ అనే పరీక్ష ఉంది. చెవిలో చిన్న మొన పెట్టి కొద్ది నిమిషాల్లో చేస్తారు, నొప్పి ఉండదు. దానిలో అనుమానం వస్తే బిడ్డ నిద్రపోతుండగా, శబ్దం మెదడుకు చేరుతోందో లేదో చూసే బెరా పరీక్ష చేస్తారు. నెలలోపు మొదటి పరీక్ష, మూడు నెలల్లోపు నిర్ధారణ, ఆరు నెలల్లోపు వినికిడి మిషనో చికిత్సో మొదలు. నిపుణులు పెట్టుకున్న గడువు ఇది. మన సీమలో మేనరికాలు ఎక్కువ. దగ్గరి సంబంధాల్లో పుట్టుకతో వచ్చే చెవుడు బిడ్డకు చేరే అవకాశం పెరుగుతుంది. పెళ్ళి అయిపోయాక దాని గురించి ఎవరినీ నిందించే పని లేదు. బిడ్డ పుట్టిన వారంలో ఓఏఈ చేయమని అడగండి, చాలు.

పుట్టినప్పుడు బాగా విన్న పిల్లలకు కూడా జలుబుల తర్వాత కర్ణభేరి వెనక నీరు చేరుతుంది. ఒకరోజు వింటారు, ఒకరోజు వినరు. "కావాలనే పలకడు" అని తిట్లు తింటారు. చాలామందికి మూడు నెలల్లో దానంతట అదే తగ్గుతుంది. తగ్గకపోతే ఈఎన్‌టీ డాక్టరు చూడాలి. చెవి కారుతుంటే కాచిన నూనె పోయడం మాత్రం వద్దు.

మిషన్లు పెట్టిన మొదటి రోజు నుంచే వ్యాకరణం రాదు. మా వాడికి నాలుగేళ్ళకు పెట్టారు. ఆ రోజు నుంచి వాడు వినడంలో పసిబిడ్డే. మిషను మేలుకున్నంతసేపూ చెవికి ఉండాలి, బ్యాటరీలు ఇంట్లో ఎప్పుడూ ఉండాలి, మనం ఎదురుగా, దగ్గరగా, వెలుతురులో కూర్చుని మాట్లాడాలి. మిక్సీ, టీవీ ఆపేయాలి. తోకలను కొంచెం సాగదీసి చెప్పేదాన్ని: "ఇంటికీఈ పోదాం", "అవ్వతోఓ పోదాం". ఎనిమిది నెలలకు మొదటి "కి" వచ్చింది. ఆ రోజు తేదీకి చుట్టూ గీత గీసి పెట్టుకున్నాను.

చెవులు బాగున్నా తోకలు రాకపోతే

కొందరు పిల్లలకు వినికిడి బాగుంటుంది, తెలివి బాగుంటుంది, కలివిడిగానే ఉంటారు, అయినా భాష ఒక్కటి కష్టపడి ఎక్కుతుంది. అందులోనూ వ్యాకరణం మరీ కష్టం. దీనికి డెవలప్‌మెంటల్ లాంగ్వేజ్ డిజార్డర్, పొట్టిగా డీఎల్‌డీ అని పేరు. డొరొతీ బిషప్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త ఆధ్వర్యంలో నిపుణులు 2016, 2017ల్లో ఈ పేరుకు ఒప్పుకున్నారు. ఇంగ్లండులో బడిలో చేరిన పిల్లల్లో దాదాపు 7 శాతం మందికి ఇది ఉన్నట్టు తేలింది. అంటే ముప్పై మంది ఉన్న తరగతిలో ఇద్దరు. మన బళ్ళలో ఈ పిల్లలకు "మొద్దు", "శ్రద్ధ లేదు" అనే పేర్లు పడతాయి. పెంపకం వల్ల వచ్చేది కాదిది, కుటుంబాల్లో నడుస్తుంది. అయిదేళ్ళు దాటినా వాక్యాలు పొట్టిగా ఉండటం, జరిగింది వరసగా చెప్పలేకపోవడం, "అన్నం తిన్నాక బ్యాగు తీసుకుని రా" అంటే సగమే చేయడం కనిపిస్తే స్పీచ్ థెరపిస్టును కలవండి. పైన చెప్పిన బదులిచ్చే పద్ధతులే, ఇంకా ఎక్కువసార్లు, ఒక్కో తోకను ఎంచుకుని వారాల తరబడి చేయిస్తారు.

డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లలకు అర్థమయ్యేది, వాళ్ళు చెప్పగలిగేదానికంటే చాలా ఎక్కువ. మాటలు పోగవుతాయి, వాటిని కలిపే వ్యాకరణం వెనకబడుతుంది. వీళ్ళకు చెవిలో నీరు చేరడం కూడా ఎక్కువ, కాబట్టి వినికిడి పరీక్ష మళ్ళీ మళ్ళీ చేయించాలి. వినడం కంటే చూసి నేర్చుకోవడం వాళ్ళకు తేలిక. అట్టముక్కల మీద "బడి", "ఇల్లు", "బండి" నల్లగా, "లో", "కి", "తో" ఎర్రగా రాసి పక్కపక్కన పెట్టి ఆడించండి. చెవికి అందని తోక కంటికి కనిపిస్తుంది.

ఆటిజం ఉన్న పిల్లలు కొందరు విన్న వాక్యాన్ని విన్నట్టే తిరిగి అంటారు. దాహం వేసినప్పుడు "నీళ్ళు కావాలా?" అంటారు. అది అర్థం లేని మాట కాదు, అడగడమే. ఆ వాక్యం వినపడితే నీళ్ళు వస్తాయని వాళ్ళకు తెలుసు, తోకే మార్చుకోలేదు. కాబట్టి గ్లాసు ఇస్తూ, బిడ్డ వైపు నుంచి చెప్పండి: "నీళ్ళు కావాలి. నాకు నీళ్ళు కావాలి." "నువ్వు", "నేను" తారుమారవడం కూడా ఇలాంటిదే, తిట్టి దిద్దితే ఇంకా ముడిపడుతుంది.

పూర్తిగా వినపడని పిల్లల గురించి ఒక సంగతి నన్ను ఇప్పటికీ కదిలిస్తుంది. సైగల భాష చూస్తూ పెరిగే పసిపిల్లలు చేతులతో ముద్దుపలుకులు పలుకుతారు. సైగల భాషకు సొంత వ్యాకరణం ఉంది. చేతి కదలిక, దిక్కు, ముఖంలో భావం అన్నీ అందులో తోకల పనే చేస్తాయి. సైగలు నేర్పితే మాట రాదనే భయం పెట్టుకోవద్దు. ఏదో ఒక భాష చిన్నప్పుడే నిండుగా అందడం ముఖ్యం. కేంద్ర ప్రభుత్వం 2015లో ఢిల్లీలో ఇండియన్ సైన్ లాంగ్వేజ్ కోసం పరిశోధనా శిక్షణా కేంద్రం పెట్టింది. మన అనంతపురం వైపు ఆర్‌డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) సంస్థ వినికిడి లోపం ఉన్న పిల్లలకు బళ్ళు నడుపుతోంది.

ఆగి చూడాల్సిన సలహాలు

"వస పోయలేదా?" అని అందరూ అడుగుతారు. గలగలా మాట్లాడే పిల్లను వసపిట్ట అనే పిలుస్తాం కాబట్టి నమ్మకం బలమైనది. వస వల్ల వ్యాకరణం రాదు. పసిబిడ్డకు అరగదీసి పోస్తే వాంతులు, మత్తు రావచ్చు. నాలుక కింద నరం కోయించడం కూడా అంతే. నాలుక మరీ కట్టేసినట్టుంటే కొన్ని శబ్దాల పలుకుబడికో, పాలు తాగడానికో అడ్డం కావచ్చు. "బండిలో" అనకుండా "బండి" అనడానికి నాలుక కారణం కాదు.

ఇంట్లో రెండు భాషలుంటే ఒకటి మానేయమని చెప్పేవాళ్ళున్నారు. కడప, కర్నూలులో ఎన్నో ఇళ్ళలో ఉర్దూ, తెలుగు రెండూ నడుస్తాయి. రాయదుర్గం, మడకశిర వైపు కన్నడ, తండాల్లో లంబాడీ. రెండు భాషలు వినడం వల్ల లోపం రాదు. లోపం ఉన్న బిడ్డ కూడా రెండూ నేర్చుకోగలదు. మాటలు లెక్కపెట్టేటప్పుడు రెండు భాషలవీ కలిపి లెక్కపెట్టండి. మీకు నిండు వాక్యాలు వచ్చే భాషలో మాట్లాడండి. అరకొర ఇంగ్లీషులో "ఆపిల్, ఆపిల్, రెడ్, రెడ్" అంటే బిడ్డకు పేర్లు దొరుకుతాయి గానీ వాక్యం దొరకదు.

మన యాసను కూడా తప్పుగా లెక్కపెట్టనివ్వకండి. "తింటాండాడు", "తింటాంది", "తింటాండా" అనే బిడ్డ మూడు తోకలనూ సరిగ్గా వాడుతోంది. బయటి ఊరి నుంచి వచ్చిన థెరపిస్టు "తింటున్నాడు" కోసం చూస్తుంటే, మా ఇంట్లో ఇలాగే మాట్లాడతామని ముందే చెప్పండి.

ఎక్కడికి పోవాలి

ఖర్చు గురించి భయపడి ఆగకండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీకి, ఒకసారి బడికి రావాలి. వినికిడి, మాటల ఆలస్యం రెండూ వాళ్ళు చూడాల్సిన వాటిలో ఉన్నాయి. బృందం ఎప్పుడొస్తుందో అంగన్‌వాడీ టీచరును అడిగి ఆ రోజు బిడ్డను తీసుకుపోండి. వాళ్ళు రాసిస్తే జిల్లా ఆసుపత్రి దగ్గరి సత్వర చికిత్స కేంద్రానికి పంపిస్తారు. డీఈఐసీ అని అడిగితే చెప్తారు. బడి వయసు వచ్చాక మండలాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం భవిత కేంద్రాలున్నాయి. పుట్టు చెవుడు ఉన్న పిల్లలకు చెవి లోపల వినికిడి పరికరం అమర్చే కాక్లియర్ ఇంప్లాంట్ ఆపరేషన్ ప్రభుత్వ పథకాల్లో ఉంది. దానికి వయసు షరతు ఉంటుంది కాబట్టి తొందరగా అడగాలి. లోపం శాశ్వతమని తేలితే సదరం క్యాంపులో వైకల్య సర్టిఫికెట్ తీసుకోండి, మిషన్లకూ పింఛనుకూ పనికొస్తుంది.

పోయేటప్పుడు నోటుబుక్కు తీసుకుపోండి. కొత్త చోట బిడ్డ నోరు విప్పకపోవచ్చు, పది నిమిషాల్లో ఎవరికీ ఏమీ తెలియకపోవచ్చు. "మాటలు తక్కువండీ" అంటే "వస్తాయిలే" అనే జవాబు వస్తుంది. "మూడేళ్ళు నిండినాయి, యాభై వాక్యాల్లో ఒక్కదానికి కూడా కు, లో, తో లేవు, ఇదిగో చూడండి" అంటే అలా అనడం కష్టం. అయినా అంటే, వినికిడి పరీక్షకు రాసివ్వమని అడిగి, కాగితం చేతికి వచ్చేదాకా లేవకండి.

మా వాడికి ఇప్పుడు ఆరేళ్ళు. నిన్నటి పేజీలో ఇది ఉంది: "అవ్వ ఉగ్గాని చేస్తే నేను బజ్జీలతో తింటానని నాన్నకు చెప్పినా." దాని కింద ఇంకొకటి: "గేటు కాడ రాయిలు ఉండాయి." రెండో దాని పక్కన నక్షత్రం వేసి, "అవునా, ఎన్ని రాళ్ళు ఉండాయి?" అని నేను అడిగింది కూడా రాసిపెట్టాను.